అమ్మన్నమ్మ మెడలో అమ్మవారు

"మాత్ర మింగితే అమ్మ ఎలిపోద్ది. ఆ తరవాత నిన్నెవుడు సూత్తాడు?"

"నన్నా, నిన్నా?"

"నోరు ముయ్యి. బెంగాలీ డాక్టరుకి నూకాలమ్మ తెలుసా?"

"తెల్దు. నా గుండె తెలుసు. ఇలగే ఒగ్గేత్తే ఆగిపోద్దన్నాడు."

ఓడరేవు పక్కన వాట్‌గంజ్ బస్తీలో మా గదికీ పోలిరాజు గదికీ మధ్య ఉన్నది రేకు గోడ. అక్కడ మొగుడూ పెళ్లాం గొడవపడితే ఇక్కడ అన్నం సహించదు. పోలిరాజు డాక్‌లో బస్తాలు మోసేవాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మావాళ్లలో అతని మాట లెక్కచేసినవాడు లేడు. భార్య అమ్మన్నమ్మకు నూకాలమ్మ పూనడం మొదలయ్యాకే అతనికి కుర్చీ వేశారు. ఎర్రజెండా పట్టుకుని మూఢత్వం నశించాలని అరిచే యూనియన్ పెద్దలు కూడా మంగళవారం కొబ్బరికాయతో వచ్చి అతని గుమ్మం ముందు చెప్పులు విడిచేవారు.

ఇంతకీ ఆ దేవత లక్షణాలివి. కుండెడు అన్నం తిన్నా మనిషి పుల్లలా అయిపోయింది. ఊరంతా మంకీ టోపీలు పెట్టుకునే చలిలో ఆమెకు చెమటలు. వేళ్లు వణికేవి, నిద్ర పట్టేది కాదు. కళ్లు ముందుకు పొడుచుకొచ్చాయి, మెడ ఉబ్బింది. అమ్మవారు గొంతులో కూర్చుందని బస్తీ తేల్చేసింది. ఇంతమంది పెద్దవాళ్లలో ఒక్కరికైనా ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాలని తోచలేదు. కాలేజీ మధ్యలో వదిలేసిన నేను తీసుకెళ్లాను. రక్తం పరీక్ష చేసి థైరాయిడ్ అన్నారు, మాత్రలిచ్చారు.

వచ్చేటప్పుడు ట్రాములో ఆమెకు డాక్ భాషలోనే, కూలీల గ్యాంగు, దానికి పని చెప్పే సర్దారు లెక్కన చెప్పాను. "పిన్నీ, మెదడు కింద బఠానీ గింజంత సర్దారు ఉంటాడు. పేరు పిట్యూటరీ. నీ మెడలో ఉన్నది వాడి గ్యాంగు. వాడు పని చెబితే గ్యాంగు హార్మోన్ తయారుచేసి రక్తంలోకి దింపుద్ది. చాలినంత దిగగానే వాడు ఊరుకుంటాడు, గ్యాంగు ఆగుద్ది. నీ ఒంట్లో ఎవడో దొంగకేకలు వేస్తున్నాడు. సర్దారు ఎప్పుడో నోరు మూశాడు. గ్యాంగు మాత్రం దింపుతానే ఉంది. గుండె, పేగులు, చెమట, అన్నీ ఆ జోరుకి పరుగెడుతున్నాయి."

"ఆ కేకలేసేదెవుడు?"

"నీ ఒళ్లే. రోగాల మీద పడాల్సిన కాపలా బలగం పొరబడి నీ మెడ మీద పడింది."

"మా ఇంటాయన లాగే ఉన్నాది," అంది.

అమాయకురాలని జాలిపడకండి. పూనకంలో ఆమె మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేది. వారమంతా ఆమె మీద చేయి చేసుకునే ఆ మొనగాడు మంగళవారం పసుపునీళ్లతో ఆమె కాళ్లు కడిగేవాడు. ఆ ఒక్క పూట వదులుకోవడం ఆమెకూ ఇష్టం లేదు. రోగాన్ని పల్లకీ ఎక్కించి ఊరేగించడంలో మొగుడూ పెళ్లాం, బస్తీ, అందరూ సమానమే.

రేకు గోడ అవతల ఆ రోజు గొడవ చివర పోలిరాజు మాత్రల పొట్లం కాలవలో విసిరేసి డ్యూటీకి పోయాడు. కాసేపటికి ఆమె మా గుమ్మంలో కూలబడింది. మెడ దగ్గర నరం కొట్టుకోవడం నాకు కనబడుతూనే ఉంది.

"రేపు మళ్లీ తెస్తాను," అన్నాను.

"మళ్లీ పారేత్తాడు. నాను సెప్తే ఇనడు. అమ్మ సెప్తే ఇంటాడు."

"ఏ అమ్మ? ఉన్నది జబ్బని నీకు తెలుసు కదా."

"నాకు తెలుసు. ఆడికి తెల్దు కదా." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ ఒణుకు ఉండగానే సెప్పాల. తగ్గిపోతే ఎవుడూ నమ్మడు. వచ్చే మంగళారం 'ఈ మాత్రలు నా పెసాదం, మానిపిస్తే నా కోపం సూత్తారు' అని అమ్మ సేత అనిపిత్తాను. బస్తీలో నమ్మనోడివి నువ్వొక్కడివే, అది అందరికీ తెలుసు. ఆ మాట అనగానే నువ్వు అందరి ముందుకీ వచ్చి నా కాళ్ల మీద పడు, బాబూ. నువ్వు పడితే ఆడు నమ్ముతాడు."