నోటుబుక్కులో దొరకని అక్క

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికొక జబ్బు ఉంటుంది. నేర్చుకున్నదల్లా ఎదుటివాళ్ల మీద ప్రయోగించి చూడాలని చెయ్యి దురద పెడుతుంది. నరసరావుపేటలో గుర్తింపు కార్డుల దరఖాస్తులు నింపే కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరిన నెలకే లింగ గుర్తింపు మాటల మీద నాకు ఆన్‌లైన్లో ఒకపూట ట్రైనింగ్ ఇచ్చారు. ట్రాన్స్‌జెండర్, నాన్‌బైనరీ, జెండర్ ఫ్లూయిడ్, ఇంటర్‌సెక్స్... మొత్తం పద్నాలుగు మాటలు అర్థాలతో సహా నోటుబుక్కులోకి ఎక్కించాను (సగం అర్థాలు ఇప్పటికీ నాకు అర్థం కావు, అది వేరే సంగతి). "ఎవరేంటో వాళ్లే చెప్పాలి, మీరు నిర్ణయించకూడదు" అన్న వాక్యం కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కూడా గీశాను.

దరఖాస్తుల గడువు ఆఖరి రోజు సాయంత్రం రొంపిచెర్ల వైపు నుంచి ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మగపిల్లాడిగా పుట్టి, ఇరవై ఏళ్లుగా చీర కట్టుకుని బతుకుతున్న మనిషి. తీసుకొచ్చిన ఆటో సాయిబు దగ్గర్నుంచి లైన్లో నిలబడ్డ ముసలాళ్ల దాకా అందరూ అక్కా అనే పిలుస్తున్నారు. "హాస్టల్లో వంటమనిషి పనుందమ్మా. రేపు దరఖాస్తు పెట్టినట్టు కాయితం చూపిస్తేనే ఇస్తారంట. ఆడమనిషినని రాయి, చాలు" అంది.

నేను రాస్తే కదా. "అట్లా కాదండీ, మీరేంటో మీరే చెప్పాలి" అని నోటుబుక్కు తీసి మొదటి మాట నుంచి చదివి వినిపించాను. ఆమె ఓపిగ్గా విని, "ఇయ్యన్నీ నాకెందుకమ్మా, ఆడమనిషిని" అంది. ఆ మాట నా జాబితాలో లేదు మరి. మళ్లీ మొదలుపెట్టాను. "మేడమ్, అక్క చెప్పింది గదా, రాసెయ్యండి" అన్నాడు సాయిబు. ఆయనకీ ఒక పాఠం చెప్పాను. రెండోసారి తొమ్మిదో మాట దగ్గరుండగా టైమైపోయి సైటు మూసుకుంది. ఆమె కాయితాలు కవర్లో పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు ఆ పని ఇంకెవరికో ఇచ్చేశారు. ఆ సంగతి తర్వాత సాయిబు చెప్తే తెలిసింది.

ఆ ఎండాకాలం రోడ్డు పక్క మిరపచేలో కోతకూలీల మధ్య ఆమె కనిపించింది. తప్పయిందని చెబుదామని బండి ఆపి వెళ్లాను. "ఏందే పిల్లా, ఇంత ఎండన పడొచ్చావ్" అని సీసాలో మజ్జిగ ఇచ్చింది. తాగుతుంటే, "ఇంతకీ నేనెవరో తేలిందా?" అని అడిగి తనే నవ్వింది.

తర్వాతి విడతలో ఆమె కార్డు నేనే దగ్గరుండి చేయించాను, ఆడమనిషి అనే. వంట పని మాత్రం మళ్లీ ఖాళీ కాలేదు. ఇప్పుడు కొత్తవాళ్లకు ఆ ట్రైనింగ్ ఇచ్చేది నేనే. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆమె ఇంకా మిరపకోతకే పోతోంది.