గేటు రంగు స్పోర్ట్స్ కారు

మా ఊళ్ళో కారు కొంటున్నానని చెబితే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంత?" రెండోది "ఎంతమంది పడతారు?" మూడోది నాకు మాత్రమే ప్రత్యేకం: "ఎవరు నడుపుతారు?" నేనే అని చెబితే ఒక్క క్షణం ఆగి, "అయితే చిన్నదే తీసుకోండి టీచరుగారూ" అంటారు. నర్సీపట్నంలో ఇరవై ఏళ్ళకి పైగా లెక్కలు చెబుతున్నాను. ఈ ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పింది నేనే. కారు విషయంలో వాళ్ళే నాకు నేర్పుతారు.

నేను కొనాలనుకున్నది స్పోర్ట్స్ కారు అని స్టాఫ్ రూములో ఒకే ఒక్కసారి నోరు జారాను. తెలుగు మేడమ్ టీ గ్లాసు కింద పెట్టి "ఈ వయసులోనా?" అంది. నాకు నలభై ఎనిమిది. ఆవిడకి యాభై మూడు, అరిగిపోయిన మోకాళ్ళతో మొన్ననే అరుణాచలం గిరిప్రదక్షిణ చేసొచ్చింది. దానికి వయసు అడ్డం రాలేదు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని ఆ మధ్యాహ్నం కనీసం ముగ్గురు నాకు వినపడేలా అనుకున్నారు.

ఈ పిచ్చి నాకు ఎక్కడ అంటుకుందో చెప్పాలి. మా నాన్న మిషన్ ఆసుపత్రి జీపు డ్రైవరు. చింతపల్లి ఘాటు ఎక్కి ఏజెన్సీ ఊళ్ళకి డాక్టరమ్మని తీసుకెళ్ళడం, వచ్చేటప్పుడు జబ్బుపడ్డవాళ్ళని దింపుకురావడం ఆయన పని. బడి సెలవులప్పుడు నన్నూ ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. దారంతా నాది ఒకటే గొడవ, "బేగి నాన్నా, బేగి పోనియ్యి" అని. మీటరు ముల్లు నలభై దాటేది కాదు. "ఎనకాల మనిసున్నాడమ్మా" అనేవాడు. వెనకాల ఎవరూ లేని రోజున కూడా నలభయ్యే. అదేంటని అడిగితే అలవాటు తప్పకూడదు అనేవాడు. ఆ నలభై అంటే నాకు ఎంత మంటో చెప్పలేను. ఆర్టీసీ బస్సులు దాటిపోయేవి, లారీలు దాటిపోయేవి, ఒకసారి పెళ్ళివాళ్ళ ట్రాక్టరు దాటిపోయింది.

ఏటా డిసెంబరులో ఆయన ఆ జీపుకి తనే రంగు వేసేవాడు. క్రిస్మస్‌కి మాకు కొత్త బట్టలు, జీపుకి కొత్త రంగు. రెండు రోజులు రుద్దుడు, రెండు రోజులు బ్రష్షు. వెలిసిన బండితో పండగ ప్రార్థనకి గుడికి పోతే డ్రైవరు పరువు ఏమవుతుందని ఆయన బాధ. నాన్న రిటైరయ్యాక ఆసుపత్రివాళ్ళు ఆ జీపుని వేలం వేస్తే పాత ఇనప సామానువాడు పట్టుకుపోయాడు.

చాలా ఏళ్ళ తర్వాత విశాఖ బీచ్ రోడ్డులో పాత బండ్లన్నీ వరసగా పెట్టి చూపిస్తుంటే నాన్నని తీసుకెళ్ళాను. అక్కడ సరిగ్గా అదే మోడలు జీపు ఉంది. చుట్టూ తాడు కట్టి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టారు. జనం ఫొటోలు దిగుతున్నారు. నాన్న తాడు పట్టుకుని చాలాసేపు చూశాడు. "మనది దీనికన్నా బాగుండీది" అన్నాడు. అంతే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది కూడా. మన దగ్గరున్నప్పుడు ఎవడూ పట్టించుకోని వస్తువే, పోగొట్టుకోకుండా ఉంచుకుంటే చుట్టూ తాడు కట్టి చూస్తారు. ఈసారి ఇనప సామానువాడికంటే ముందు నేను వెళ్ళాలనుకున్నాను.

ఇప్పుడు పాత జీపు కొనాలంటే ఆస్తులమ్ముకోవాలి. అందుకని ఇప్పుడు చవగ్గా దొరుకుతూ, ఇంకో ఇరవై ఏళ్ళకి జనం ఆగి చూసే కారు ఏదా అని వెతకడం మొదలెట్టాను. ఎలాగూ కొంటున్నాం కదా, పరుగెత్తేదే కొందాం. రాత్రి వంటయ్యాక ఫోనులో చదివి చదివి నాకు నేనే కొన్ని గుర్తులు పెట్టుకున్నాను. కంపెనీ దాన్ని కొద్దిగానే చేసి మానేసి ఉండాలి. గేరు చేత్తో వెయ్యాలి. కొత్తగా వచ్చినప్పుడు మనవాళ్ళు నవ్వి ఉండాలి, ఎందుకంటే అందరికీ నచ్చిన కారు అందరి దగ్గరా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని ఎవరూ కెలక్కూడదు. కంపెనీ వేసిన రంగు, కంపెనీ కుట్టిన సీటు అలాగే ఉండాలి. రంగు మారిందా, ఇక అది ఉత్త పాతకారు.

మనవాళ్ళు కెలకని వస్తువు దొరకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మొదటి కారు నక్కపల్లిలో, హైవే పక్కన షెడ్డులో ఉంది. సైలెన్సరు కోసేసి ఇంకోటి అతికించారు, స్టార్టు చేస్తే పక్క హోటల్లో ఇడ్లీ తినేవాళ్ళు లేచి నిలబడ్డారు. వెనక అద్దం నిండా మంటల బొమ్మలు. రెండోది గొలుగొండలో ఒక రైతుగారిది. అల్లుడు వదిలేసి వెళ్ళాడట. వెనక సీటు పీకేసి విత్తనాల బస్తాలు వేసుకుంటున్నారు. "సీటు ఏదండీ?" అంటే అరుగు మీద చూపించారు. దాని మీద ఆయన తల్లిగారు కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. ఆవిడని లేపమనడానికి నాకు నోరు రాలేదు.

మూడోది కోటవురట్లలో దొరికింది. చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసి రిటైరైన పెద్దాయన, ఒక్కడే యజమాని. చిన్న ఒంటికి పెద్ద ఇంజను పెట్టిన ఎర్ర కారు, రెండే తలుపులు. కంపెనీ కొన్నేళ్ళు అమ్మి, ఎవరూ కొనక మానేసిన మోడలు. బానెట్టు మీద ఎరుపు ఎండకి వెలిసి దానిమ్మ గింజ రంగుకి వచ్చింది కానీ, ఒక్క చోట కూడా బ్రష్షు గానీ స్ప్రే గానీ తగల్లేదు. పెద్దాయన తాళం ఇస్తూ, "ముగ్గురు అడిగారండీ. రంగేయిస్తామన్నారు, ఇవ్వలేదు. మీరు వేయించరుగా?" అని అడిగాడు. వేయించనని మాటిచ్చాను.

కారు ఇంటికొచ్చిన రోజు దీన్ని కెలకొద్దని మా ఆయనకి దండం పెట్టి చెప్పాను. ఆయనకి మెయిన్ రోడ్డులో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. కారు చూసిన మొదటి నిమిషంలోనే నీలం లైట్లు పెడదామన్నాడు. వద్దన్నాను. సీటు కవర్లన్నాడు. వద్దన్నాను. ప్రార్థన చెయ్యడానికొచ్చిన పాస్టరమ్మగారు వెనక అద్దానికి వాక్యం స్టిక్కరు తెచ్చారు. దాన్ని కళ్ళకద్దుకుని ఫ్రిజ్‌కి అంటించాను. ఇంటికొచ్చే ప్రతివాడికీ ఇదే పాట. ముట్టుకోవద్దు, అంటించొద్దు, పెట్టొద్దు. నా నోరు నొప్పెట్టింది.

అందరికంటే కష్టం నాన్నతోనే. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఉండేది మా దగ్గరే. రెండు కళ్ళకీ ఆపరేషన్లయ్యాక నేనే లైసెన్సు రెన్యువల్ చేయించనివ్వలేదు. ఆయన పొద్దున్నే లేచి కారు చుట్టూ తిరిగేవాడు. కడుగుతానంటే వద్దన్నాను, ఆయన కడగడమంటే కిరసనాయిలు గుడ్డతో రుద్దడం. టైర్లకి గాలి చూస్తానన్నాడు, అదీ నేనే చూసుకుంటానన్నాను. "మరి నేనేటి సెయ్యాలమ్మా?" అన్నాడు. "కూర్చుని చూడు నాన్నా" అన్నాను. కుర్చీ వేసుకుని నిజంగానే కూర్చుని చూసేవాడు. ఇరవై ఏళ్ళు ఇలాగే ఉంచితే బీచ్ రోడ్డులో జీపులాగ దీనికీ తాడు కడతారని నేను లెక్కచేసి చెప్పాను. ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని "ఇరవయ్యా" అన్నాడు.

డిసెంబరులో మాకు అనకాపల్లిలో ఐదు రోజుల ట్రైనింగు వేశారు. రాత్రి కూడా అక్కడే ఉండాలి. పిల్లలకి భిన్నాలు ఎలా చెప్పాలో, జీవితంలో ఎప్పుడూ పిల్లలకి భిన్నాలు చెప్పని ఒకాయన మాకు చెప్పాడు. ఐదో రోజు సాయంత్రం బస్సు దిగి, ఆ విసుగంతా మోసుకుని ఇంటికొచ్చి గేటు తీశాను.

కారు నిగనిగలాడుతోంది.

మా గేటుకి వేసే ఎర్ర ఎనామిల్. రెండు కోటింగులు. బానెట్టు మీద బ్రష్షు గీతలు అటు చివర నుంచి ఇటు చివర దాకా వరసగా ఉన్నాయి. కింద ఉప్పుకాగితం ముక్కలు, వాటి నిండా ఎర్ర పొడి. అంటే పైపైన పూసింది కూడా కాదు, కంపెనీ రంగుని బాగా రుద్ది మరీ వేశాడు. నాన్న లుంగీ మీద, చేతుల మీద, కళ్ళజోడు మీద ఎర్ర చుక్కలు. నవ్వుతున్నాడు. "నువ్వొచ్చీసరికి ఆరిపోవాలని బేగి బేగి సేసినాను. ఎలాగుంది?" అన్నాడు.

"ఏం చేశావు నాన్నా" అన్నాను. ఆ తర్వాత అన్నవి రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. నీకు బుద్ధుందా అన్నాను. చెప్పిన మాట ఒక్కటి ఎక్కదా అన్నాను. ముప్ఫై ఏళ్ళు జీపు తోలావు గానీ బండి విలువ తెలీదు నీకు అన్నాను. కోటవురట్ల పెద్దాయనకి ఏ ముఖం పెట్టుకుని కనపడాలి అన్నాను. మా ఆయన షాపు నుంచి అప్పుడే వచ్చాడు. "మావయ్యగారు నీకు ఫోనులో చెప్పానన్నారు" అన్నాడు. చెప్పిన మాట నిజమే. "బండి సంగతి నేను సూసుకుంటానులే" అని బుధవారం నాన్న ఫోనులో అన్నాడు. గాలి సంగతేమో అనుకుని సరే అన్నాను.

నాన్న బ్రష్షు కిరసనాయిల్లో ముంచి, వెంట్రుకలు విడిపోకుండా వేళ్ళతో పిండి, గుడ్డతో తుడిచి లోపల పెట్టాడు. వెళ్తూ వెళ్తూ, "ఇరవై ఏళ్ళ పండగ నాకెక్కడిదమ్మా. ఈ క్రిస్మస్సే గదా" అన్నాడు. నాకు ఇంకా కోపం ఎక్కువైంది. నా కష్టం నాదైతే, మధ్యలో చావు మాట తెచ్చి నా నోరు మూయించడం ఏమిటని.

మర్నాడు తెలిసిన పెయింటరుని పిలిచాను. గోటితో గీరి చూసి, కింద అసలు రంగు చాలా చోట్ల పోయిందండీ, మొత్తం తీసి కొత్తగా కొట్టాల్సిందే, కానీ కంపెనీ ఎరుపు ఏదో చూపిస్తే తప్ప కలపలేను అన్నాడు. తలుపుల అంచులు, బానెట్టు లోపలివైపు కూడా రుద్ది పూశాడు, ఇక చూపించడానికి ఏం మిగిల్చాడు మా నాన్న? మింగలేక కక్కలేక పండగ దాకా గడిపాను. నాన్నతో అవసరమైనంత వరకే మాట్లాడాను. అన్నం తిన్నావా, మాత్ర వేసుకున్నావా, అంతే. ఆయన కుర్చీ వరండాలోకి మార్చుకున్నాడు, కారు వైపు వీపు పెట్టి.

క్రిస్మస్ పొద్దున గుడికి బయలుదేరాం. వెనక సీట్లోకి దూరలేక మా ఆయన స్కూటర్ మీద ముందే వెళ్ళిపోయాడు. నా పక్కన నాన్న, ఇస్త్రీ చొక్కాతో. దారిలో ముగ్గురు చెయ్యూపారు. ఆసుపత్రిలో ఒకప్పుడు వార్డు పని చేసిన ముసలావిడ కారు ఆపించి మరీ, "డ్రైవరుగారూ, ఈయేడు రంగు బాగా కుదిరింది" అంది. నాన్న తల ఊపాడు గానీ, నా వైపు చూసి నవ్వు ఆపేసుకున్నాడు. ఆయన నవ్వు అలా ఆపుకోవడం నాకు నచ్చలేదు.

బంకు దగ్గర ఆపాను. పెట్రోలు కొట్టే అమ్మాయి ట్యాంకు మీద చిన్న తలుపు తీసి, "మేడమ్, ఇక్కడ రంగు వెయ్యడం మర్చిపోయారండీ" అంది. దిగి చూశాను. తలుపు లోపలివైపు అరచెయ్యంత మేర అసలు ఎరుపు ఉంది. ఎండ తగలని ఎరుపు. చుట్టూ అంచు గీత గీసినట్టుంది, కాగితం అంటించి జాగ్రత్తగా కాపాడితే తప్ప అలా రాదు. మర్చిపోయింది కాదు.

సీట్లోకొచ్చి కూర్చుని అడిగాను. "ఏటి నాన్నా అది?"

"అసలు రంగు" అన్నాడు, ఎదురుగా అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తూ. "జీపుక్కూడా అలగే ఒక ముక్క వదిలీవోడిని. నేను పోయాక ఎలాగూ ఇదంతా గీకించీస్తావు గదా. అప్పుడు పెయింటరుకి అది సూపించు. సరిగ్గా కలుపుతాడు."

ముందే చెప్పొచ్చు కదా అని అరవాలనిపించింది. పెయింటరు వచ్చిన రోజున వరండాలో వీపు తిప్పుకుని కూర్చున్న మనిషి, అడిగితే చెప్పేవాడు. నేను అడగలేదు. కోపం ఎవరి మీదో తెలియక హారన్ ఊరికే ఒకసారి కొట్టాను.

బంకు దాటాక ముందు రోడ్డు ఖాళీగా ఉంది. నాన్న ఎనామిల్ బానెట్టు వైపు చూసుకుని, కిటికీ అద్దం దింపుకుని, "ఇది స్పోర్ట్సు బండన్నావు గదా. బేగి పోనియ్యమ్మా" అన్నాడు.

వెనక నుంచి ఆటోలు, బైకులు, ఒక పాల వ్యాను మమ్మల్ని దాటిపోయాయి. గుడి వచ్చేదాకా నేను ముల్లుని నలభై దాటనివ్వలేదు.