నా వెనకాలే వచ్చిన లైటు

నమ్మితే నమ్మండి, లేకుంటే నవ్వుకోండి. ఇందులో నేను ఒక్క ముక్క కూడా కలపలేదు. కలిపే అలవాటే ఉంటే ఇంకా బాగా చెప్పేదాన్ని... తెల్లచీర, గజ్జెల చప్పుడు, కుక్కల ఏడుపు అన్నీ పెట్టేదాన్ని. అవేవీ లేవు. జరిగింది జరిగినట్టు చెప్తున్నా.

నేను నంద్యాలలో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాను. పొద్దంతా నెత్తురు పరీక్షలు. దయ్యం మాటెత్తితే అందరికంటే ముందు నవ్వేది నేనే. నలభై దగ్గర పడ్డాక నాకు పరుగు పిచ్చి పట్టింది. మొదట నడక, తర్వాత పరుగు, ఆ తర్వాత ట్రయథ్లాన్ అనే పెద్ద జబ్బు. ఈత కొట్టి, ఒళ్లు ఆరకముందే సైకిలెక్కి, సైకిల్ దిగి పరిగెత్తాలి. ఈత నాకు కొత్త కాదు, ఆళ్లగడ్డలో మా నాయన బావిలో నేర్చుకున్నదే. సైకిలూ పరవాలేదు. పరుగు దగ్గరే కాళ్లు మొరాయించేవి. ముందు ఏడాది పోటీలో అట్లాగే సగం దారిలో కూలబడితే అంబులెన్సులో తీసుకుపోయారు.

అప్పుడు మా ఆయన ఓబులేసు షరతు పెట్టాడు.

"చీకట్లో ఒక్కదానివే పరిగెత్తేది లేదు. ఒక్కసారి నువ్వు ఒంటరిగా ఉంటివని తెలిసినా, ఆ బూట్లు తీస్కపోయి కుందూ ఏట్లో పారేస్తా."

అన్నాడంటే చేసే మనిషి. నా పరుగు బతకాలంటే ఆయన నా వెనక ఉండాలి. అంతే.

శివరాత్రి దాటితే మా వైపు ఎండలు మీకు తెలుసు కదా. పొద్దెక్కితే పరిగెత్తలేం. చీకటితోనే లేచేవాళ్లం. నేను ముందు, ఆయన మోపెడ్ మీద లైటు వేసుకుని వెనక. నా ఫోను, ఖర్జూరాలు, ఉప్పేసిన మజ్జిగ అన్నీ ఆయన సంచిలోనే. మాట్లాడితే నాకు ఆయాసం, అందుకని హారన్ తోనే మా భాష. రెండు చిన్న పీపులంటే నీళ్లు తాగమని. ఒక పొడుగు కూతంటే ఆగమని. నేను వెనక్కి తిరిగేది లేదు... తిరిగితే లైటు కళ్లల్లో కొట్టి తర్వాత దారి కనపడదు. ఇదంతా మేమిద్దరం పెట్టుకున్న పద్ధతి. మూడో మనిషికి తెలీదు.

ఆ ఆదివారం నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా. పోటీకి ముందు ఆఖరి పొడుగు పరుగు. మా పుట్టింట్లో ఉగ్గాని, బజ్జీ దగ్గర ముగింపు. హైవే మీద లారీలతో భయమని కొంత దూరం కేసీ కాలువ గట్టు పట్టాం.

"బాగుండావా?" అన్నాడు గట్టెక్కే ముందు.

"బాగుండా. నువ్వు నిద్రపోవాకు."

"నేను నిద్రపోతే బండి కాలవలోకి పోతాది మే. నువ్వు పో."

ఎంత హాయిగా ఉండిందో ఆ గట్టు మీద... ఒక పక్క నీళ్లు. ఇంకో పక్క వరి మడులు. కప్పలు అరుస్తున్నాయి. వెనక మోపెడ్ టుకు టుకుమంటోంది. దాని బల్బు వదులు, లైటు ఎప్పుడూ వణుకుతుంది. ఆ వెలుగులో నా నీడ ముందర పొడుగ్గా పడి, అదీ వణుకుతూ పరిగెత్తేది. కాళ్లు తేలిగ్గా ఆడుతున్నాయి. ఈసారి పోటీ పూర్తి చేస్తానని మొదటిసారి నమ్మకం కుదిరింది.

పీప్... పీప్.

నడుముకున్న బాటిల్ తీసి రెండు గుక్కలు తాగాను. మళ్లీ పరుగు.

ఆ తర్వాత... ఎంత దూరం పోయాక అనేది చెప్పలేను... ఒకటి గమనించాను. నా నీడ వణకడం లేదు.

చేతులు, కాళ్లు ఆడుతున్నాయి. వెలుగు మాత్రం కదలదు. నీడ అంచులు తేటగా ఉన్నాయి. బల్బు బిగించాడేమో అనుకున్నా. పోతున్న బండి మీద బల్బు ఎట్లా బిగిస్తాడు? ఆ ప్రశ్న నాకు వెంటనే రాలేదు. నాలుగడుగులు వేశాక వచ్చింది.

అప్పుడు విన్నాను. నా బూట్ల చప్పుడు. నా ఊపిరి. కప్పలు మామూలుగానే అరుస్తున్నాయి...

ఇంజన్ చప్పుడు లేదు.

భయమేసిందా అంటే... లేదు. అదే ఇప్పటికీ నాకు వింత. పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపి జారిస్తున్నాడు పిసినారి, అనుకున్నా. చదునుగా ఉన్న గట్టు మీద బండి ఎట్లా జారుతుంది? మనసు ఆ పూట ఎన్ని సాకులు వెతికిందో.

పీప్... పీప్.

సరిగ్గా నాకు నోరెండిన చోట. అదే గొంతు, కొంచెం బొంగురు. చెయ్యి తనంతట తానే బాటిల్ మీదికి పోయింది. తాగాను.

వెనక్కి తిరగాలనిపించింది. తిరగలేదు. ఆయన ఉంటే సరే. లేకుంటే? ఒంటరిగా పరిగెత్తినట్టే కదా. బూట్లు కుందూలోకి. మీకు నవ్వొస్తోంది... ఆ క్షణాన నన్ను పట్టుకున్న భయం మాత్రం అదే. దయ్యం గియ్యం కాదు. నా పోటీ పోతుందని.

అట్లాగే పరిగెత్తాను. వేగం పెంచితే వెలుగూ పెంచింది. తగ్గిస్తే తగ్గించింది. నీడ పొడుగు జానెడు కూడా మారలేదు.

అప్పుడు మోగింది. పొడుగు కూత.

పీ.........ప్.

ఆగాను. ముందు ఏముంది? ఏమీ లేదు. పాము లేదు, గుంత లేదు. నున్నటి గట్టు, దాని మీద నా నీడ... మెల్లిగా తిరిగాను.

లైటు ఉంది. ఒక్కటే. మా మోపెడ్ లైటు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో. దాని వెనక బండి ఉందో, మనిషి ఉన్నాడో... కళ్లు చెదిరి ఏమీ కనపడలేదు.

"ఏమప్పా... ఎందుకు ఆపితివి?"



లైటు ఆరిపోయింది. టప్పున కాదు. లాంతరు వత్తి తగ్గించినట్టు... నిదానంగా.

చీకటి. నీళ్ల చప్పుడు. కాసేపటికి చాలా దూరం నుంచి చెప్పుల చప్పుడు... పటా పటా. ఆయాసం. "మే... ఆగు మే!"

మా ఆయనే. బస్సు పోతున్నా పరిగెత్తని మనిషి. చొక్కా తడిసి ముద్దయింది. నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"బండి యాడ?" అన్నా.

"నీళ్లు తాగమని ఒకసారి హారన్ కొడితి. ఆ వెంటనే కంపముల్లు దిగె. టైరు కూచుండిపాయ. ఆడనే పారేసి ఉరుకుతాండా. అరిచి అరిచి గొంతు పాయ. నువ్వు ఇనకపోతివి."

ఒకసారి. నేను విన్నది మూడుసార్లు.

"మరి నా వెనక..." నోరు జారింది. అంత దూరం ఆయన లేకుండా పరిగెత్తానని నేనే ఒప్పుకున్నట్టయింది.

ఆయన వచ్చిన దారి వైపు తిరిగి చూశాడు.

"లైటు నేనూ చూసినా. ఎవరో రైతు మడికి నీళ్లు కట్టను పోతాండాడు, పోనీలే, తోడు దొరికె అనుకుంటి. ఎంత ఉరికినా దాన్ని అందుకోల్యాకపోతి."

"అది ఆరినాక నీకు ఎవరూ ఎదురు రాల్యా?"

"ఎవరూ రాల్యా. ఉండేది ఒకటే దారి గదా."

"పొడుగు కూత?"

"కూత నేను ఇనల్యా మే."

తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాం. వెలుతురొచ్చాక దుమ్ములో వెతికాం. టైరు జాడ మాది ఒక్కటే, అది కూడా ముల్లు దిగిన చోటు దాకా. అడుగులైతే నానా రకాలు ఉన్నాయి... పొలాలకు పోయేవాళ్లవి. ఏది ఎవరిదో ఎట్లా చెప్పేది? బ్యాటరీ లైటు పట్టుకున్న రైతే అనుకుందాం. రైతు నాతో సమానంగా పరిగెత్తుతాడా? మా హారన్ ఆ రైతు దగ్గర ఎందుకుంటుంది?

ఇంక దాచేందుకేమీ మిగల్లేదు. నేనే బూట్లు విప్పి ఆయన ముందర పెట్టాను. ఏడుపొచ్చింది. "తీస్కో. షరతు షరతే."

ఆయన ఆ బూట్ల వంక చాలాసేపు చూశాడు.

"షరతు ఏందీ? నువ్వు ఒంటరిగా ఉండగూడదని గదా." అన్నాడు. "ఒంటరిగా యాడుంటివి? నేను చూసినా గదా..."

ఆయనే వంగి నాకు బూట్లు తొడిగాడు.

తర్వాత ఆ పోటీ పూర్తి చేశాను. ముగింపు గీత దగ్గర ఆయన నాకంటే ఎక్కువ ఏడ్చాడు. 'ఒంటరిగా యాడుంటివి' అని ఆ పొద్దు గట్టు మీద ఆయనన్న మాట మాత్రం ఉన్నట్టుండి గుర్తొస్తుంది... వీపు మీద చల్లగా అవుతుంది. "అప్పుడు నాకు ధైర్యం చెప్తివా, భయం చెప్తివా?" అని ఒకసారి అడిగాను.

అన్నం ముందర చెయ్యి ఆపి ఆలోచించాడు.

"నాకూ తెలీదు మే" అన్నాడు.