దేవగన్నేరు మీద నల్ల చిమ్మట

పినాంగ్‌లో నీటిరంగుల బొమ్మ వేయడమంటే తేమతో కుస్తీ పట్టడమే. పొద్దున పూసిన పసుపు సాయంత్రానికీ ఆరదు. ఆరేలోపు బూజు వచ్చి ముందే సంతకం పెట్టిపోతుంది. డ్రాయింగు మాస్టారు కెంగ్ హాక్ ఈ కుస్తీలో జుట్టంతా పోగొట్టుకున్నాడు. ఆయన మందారం మీద తేనెటీగను వేస్తే, గోడమీది బల్లి అద్దాన్ని నాకి నాకి నాలుక వాచి మంచం పట్టిందని వీధిలో చెప్పుకుంటారు. కాదని ఆ బల్లి కూడా ఎన్నడూ అనలేదు. చెయ్యి అంత గొప్పదైనా ఏం లాభం, పరాయివాళ్ళ గోడ మీద ఆయన బొమ్మ ఒక్కటీ లేదు. చచ్చేలోగా ఒక్కటి వేలాడితే చాలునని ఆయన ఆశ.

అందుకే ఈసారి తెలివిగా ఆలోచించాడు. దేవగన్నేరు గోరీల దగ్గర పూసే పువ్వు. మలయ్ వాళ్ళు గడప దాటనివ్వరు, చీనావాళ్ళకి అంత పట్టింపు లేదు. రెక్కలు చాపితే అరచేయంత ఉండే నల్ల చిమ్మట ఇంట్లోకొస్తే, పోయినవాళ్ళెవరో చూడవచ్చారని చీనావాళ్ళు హడలిపోతారు. మలయ్ వాళ్ళకి అది వట్టి పురుగు. 'పువ్వుని చూసి చీనావాళ్ళు, పురుగుని చూసి మలయ్ వాళ్ళు పట్టుకుపోతారు' అనుకుని వానాకాలమంతా కూర్చుని వేశాడు. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయన్న సంగతి ఫ్రేము కట్టించబోయినప్పుడు గాని తట్టలేదు.

ఫ్రేములు కట్టే మలయ్ రంలీ పువ్వుని చూడగానే బొమ్మని గోడవైపు తిప్పి పెట్టాడు.

"తొందరగా పట్టుకెళ్ళండంకుల్. కొట్టంతా దయ్యం వాసన."

"రంగు వాసనరా అది!"

"ఏమో మరి. మా ఆవిడ అన్నం క్యారియరు గుమ్మంలో పెట్టి పరుగో పరుగు."

తరవాత కాఫీ హోటలు సెంగ్ మొహమాటానికి తీసుకెళ్ళి, మర్నాడే పాత పేపరు చుట్టి తిరిగి తెచ్చాడు.

"ఏమనుకోకన్నా. దాన్ని చూసి మా అమ్మ, 'మీ నాన్నొచ్చాడు, కుర్చీ వెయ్యి' అంటోంది. కుర్చీలన్నీ నాన్నకే వేస్తే గిరాకీని ఎక్కడ కూర్చోబెట్టను?"

మాస్టారు పళ్ళు నూరుతూ బొమ్మని చంకనెట్టుకుని ఇంటిదారి పట్టాడు. పేపరు చిరిగి సగం బొమ్మ బయటపడింది. ఎదురింటి గేక్ నియో గుమ్మంలోనే అడ్డుపడింది. మొగుడు పోయిన మనిషి, నోరు మాత్రం పోలేదు.

"ఆగాగు. ఎవరది?"

"ఎవరేంటి? చిమ్మట."

"మా ఆయన! ఆ ఒరిగి కూర్చోవడం చూడు. పోయాక ఒక్కసారి ఇంటి మొహం చూళ్ళేదు. ఇటు తే!"

మాస్టారికి ఆ పూట అన్నం సహించలేదు, సంతోషంతో. పొద్దున్నే చూడబోయాడు. బొమ్మ గోడ మీదే ఉంది. కింద కప్పులో కాఫీ, పక్కన గుప్పెడు అగరొత్తులు. పొగకి అద్దం మసిబారి పువ్వు కనబడటం లేదు. ఆవిడ బొమ్మని తిడుతోంది: "పేకాటకని పోయి ఇప్పుడా రావడం?"

"అద్దం తుడవమ్మా, పువ్వు కనబడట్లేదు."

"పువ్వు నాకెందుకు? అయినా ఈయన్ని మరీ బక్కగా వేశావు. కాస్త పొట్ట పెట్టు."

"అసలు పురుగుని చూసి వేశాను! దానికి ఇంతకంటే పొట్ట ఉండదు!"

"మా ఆయన్ని నాకంటే నువ్వెక్కువ చూశావా?"

మాస్టారు ఇంటికొచ్చి తలుపు దభీమని వేశాడు. రేకలో రేక కలిసేచోట ఆ లేత గులాబీరంగు కోసం కళ్ళు పొడుచుకున్నాడు, దానికి దక్కింది అగరొత్తుల పొగ. కోపం దిగకముందే తలుపు చప్పుడైంది. వీధి చివరి ముసలమ్మ నిలబడి ఉంది.

"మాస్టారూ, మా ఆయన్ని కూడా ఒకటి వేసిపెట్టండి. ఆయనకి మీసాలు."

తిడదామని నోరు తెరిచాడు. చిమ్మటకీ మీసాలుంటాయని గుర్తొచ్చి మూశాడు.

"పైకా, కిందికా?" అన్నాడు గుర్రుగా. "పువ్వు లేకుండా మాత్రం వెయ్యను."

"వేసుకోండి బాబూ, వెనకాలెక్కడన్నా. ఆయనకి అడ్డం రాకుండా."