పినపాకకు కాపురం మార్చిన గులాం రసూల్

తబస్సుంకు ఆరేళ్లప్పుడు, ఇల్లందులో వాళ్ల రేకుల షెడ్డు దుకాణం ముందుకు ఒకతను వచ్చి నిలబడ్డాడు. ఎండకు కమిలిన మొహం, చేతిలో బిస్కెట్ పొట్లం. గ్యాస్ స్టవ్ విప్పి బర్నర్ శుభ్రం చేస్తున్న గులాం రసూల్ తల ఎత్తి చూసి, చేతిలోని పానా కింద పెట్టేశాడు.

“వచ్చినవా హాతీరాం,” అన్నాడు మెల్లగా.

హాతీరాం ఒకప్పుడు బొగ్గు లారీ మీద క్లీనర్. రసూల్ ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేవాడు. భార్య కాన్పులోనే పోయింది. పసిగుడ్డును రసూల్ భార్య రహీమున్నీసా చేతుల్లో పెట్టి, “జర చూస్కో వదినా, మళ్లొస్త” అని వెళ్లినవాడు మళ్లీ కనిపించలేదు. రహీమున్నీసా అప్పటికే కన్నబిడ్డలను పురిట్లోనే పోగొట్టుకుని ఉంది. ఏ కులం, ఏ మతం అని ఆమె చూడలేదు. గుండెకు హత్తుకుంది, అంతే.

పిల్లకు తబస్సుం అని పేరు పెట్టింది రసూలే. అయితే ఆయన ఏదీ దాచలేదు. ఆమెకు మాటలు తెలిసినప్పటి నుంచీ, “నిన్ను కన్నాయన పేరు హాతీరాం. సాదుకునేది నేను. ఇద్దరం నీ వాళ్లమే బేటా” అని చెబుతూనే ఉన్నాడు. పడుకునే ముందు వినే కథల్లో అదీ ఒకటనుకునేది తబస్సుం. ఆ కథలోని మనిషి ఒకనాడు గుమ్మం ముందు నిలబడతాడని మాత్రం అనుకోలేదు.

హాతీరాం జంపక్కను మారుమనువు చేసుకుని, పినపాక దగ్గర తన తండాలో పత్తి వేసుకుంటున్నాడు. “మా జంపక్క కూడ బిడ్డను తెచ్చుకొమ్మనే అంటున్నది అన్నా. నేను బతికుండంగ నా బిడ్డ వేరే ఇంట్ల పెరుగుతుందంటే తండాల మొహం చూపెట్టలేకపోతున్న,” అన్నాడు.

పక్క దుకాణాలవాళ్లు పోలీస్ స్టేషన్‌కు పొమ్మన్నారు. రసూల్ ఎక్కడికీ పోలేదు. పిల్ల బట్టలు తనే మడిచి సంచిలో సర్దాడు. బస్సు కిటికీలోంచి “అబ్బా, అబ్బా” అని తబస్సుం గొంతు పోయేలా అరిచింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత సంగతులు తబస్సుంకు అమ్మీ చెప్పినవే. రహీమున్నీసా మొగుడితో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, గోడ వైపు తిరిగి పడుకునేది. చివరికి ఒకరోజు, “అడగంగనే ఎట్ల ఇచ్చినవ్? నీకు పానం లేదా?” అని నిలదీసింది.

“ఆయన బిడ్డ. ఇయ్యనని చెప్పే హక్కు నాకు లేదు,” అన్నాడు రసూల్. “పినపాకల కిరాయికి ఉండొద్దని మాత్రం నాకు ఎవరు చెప్పిన్రు? సామాను కట్టు.”

తాత నాటి నుంచి ఉన్న ఊరు. బజారులో అందరూ పేరు పెట్టి పిలిచే మనిషి. కుక్కర్ ఈల వేయకపోయినా, మిక్సీ తిరగకపోయినా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. అదంతా వదిలేసి, ముక్కూమొహం తెలియని ఊళ్లో సంత పక్కన టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నాడు. పాత టీవీఎస్ మీద తండాలు తిరుగుతూ స్టవ్‌లు బాగుచేసేవాడు.

మొదటిసారి ఆ బండి చప్పుడు విని తబస్సుం పరుగెత్తుకొచ్చింది. హాతీరాం కర్ర పట్టుకుని అడ్డం వచ్చాడు.

“మళ్లెందుకొచ్చినవ్ అన్నా? పిల్లను ఎగేసి తీస్కపోదామనా?”

“లేదు తమ్మీ. నీ బిడ్డను నేను గుంజుకపోను. అప్పుడప్పుడు కండ్లకు కనబడితే చాలు.”

అని, పిల్ల వైపు తిరిగి, “మంచిగున్నవా రుక్మిణీ?” అన్నాడు.

రుక్మిణి అన్నది తండాలో పెట్టిన పేరు. ఆ మాట అబ్బా నోట వినగానే తబస్సుం ఇంట్లోకి పోయి మూలకు కూర్చుని ఏడ్చింది. అబ్బాకు కూడా తను అక్కర్లేదనుకుంది. అందరి ముందు తబస్సుం అని పిలిస్తే హాతీరాం చిన్నబోతాడని ఆయన ఆ పేరు దిగమింగుకున్నాడని తెలియడానికి ఆమెకు చాలా ఏళ్లు పట్టింది.

రసూల్ రావడం మానలేదు. వచ్చినప్పుడల్లా ముందు హాతీరాంతో మాట్లాడేవాడు, జంపక్క ఇచ్చిన చాయ్ తాగేవాడు, ఆ తర్వాతే పిల్లను పలకరించేవాడు. ఒక వానాకాలం ఆమెకు చలిజ్వరం ముదిరింది. వాగు పొంగి ఆటో రాలేదు. కబురు విని రసూల్ అవతలి ఒడ్డుకు వచ్చాడు. హాతీరాం బిడ్డను భుజాన వేసుకుని నీళ్లలో దిగితే, రసూల్ అటునుంచి నడుములోతు దాకా ఎదురొచ్చి అందుకున్నాడు. భద్రాచలం దవాఖానాలో మంచం పక్కన ఇద్దరూ ఒకే దుప్పటి మీద కూర్చున్నారు. తెల్లారేసరికి జ్వరం దిగింది. కళ్లు తెరిచిన పిల్ల ముందు ఎవరిని పిలుస్తుందోనని ఇద్దరూ చూశారు. ఆమె మంచినీళ్లు అడిగింది.

హైస్కూలు చదువు వచ్చేసరికి హాతీరామే అన్నాడు: “నీ కాడ్నే ఉండి చదువుకోనీ అన్నా. ఆదివారం ఆదివారం పంపు.” ఒక్క ఆదివారం కూడా రసూల్ ఎగ్గొట్టలేదు. ఆమెకు పోబుద్ధి కాకపోయినా బండి ఎక్కించి తీసుకెళ్లేవాడు. “మీ బాపు ఎదురుచూస్తడు, జల్దీ ఎక్కు,” అనేవాడు.

తబస్సుం నర్సు చదివి భద్రాచలంలో ఉద్యోగంలో చేరింది. నిరుడు శీతాకాలంలో రసూల్ గుండెనొప్పితో పోయినప్పుడు ఆయన తల ఆమె ఒళ్లోనే ఉంది. ఎంతోమందిని సాగనంపిన చేతులు ఆ రోజు ఆయన కళ్లు మూయడానికి లేవలేదు.

ఖమ్మం నుంచి చుట్టాలు వచ్చారు. తాతముత్తాతలు ఉన్న ఇల్లందు ఖబ్రస్తాన్‌కే తీసుకెళ్లాలన్నారు. పినపాకలోనే ఉంచుదామని తబస్సుం అంటే, ఒక పెద్దాయన, “నువ్వు కన్నబిడ్డవు కాదు కదమ్మా” అన్నాడు. కరకుగా అనలేదు, మామూలుగానే అన్నాడు.

గోడ పక్కన కూర్చున్న హాతీరాం లేచాడు. “కన్నోణ్ని నేను చెప్తున్న. ఆయన ఈ పిల్ల కోసమే ఊరు ఇడిసిపెట్టి వచ్చిండు. పిల్ల యాడ చెప్తే ఆడ్నే.”

పినపాకలోనే మట్టి చేశారు. హాతీరాం జనాజాకు భుజం పట్టాడు. ఆడవాళ్లు లోపలికి పోరు గనుక తబస్సుం ఖబ్రస్తాన్ గేటు బయట అమ్మీ చెయ్యి పట్టుకుని నిలబడింది. చాలాసేపటికి హాతీరాం వచ్చాడు. అరచేతులనిండా ఎర్రమట్టి.

“నీ పేరు మీద మూడు పిడికిళ్ల మన్ను ఏసిన బిడ్డా. తబస్సుం అనే చెప్పి ఏసిన.” మట్టి చేతుల వైపు చూసుకున్నాడు. “నేను నిన్ను తెచ్చుకుంటే ఆయన ఎనకనే వచ్చిండు. ఆయనే నిన్ను తీస్కపోయి ఉంటే నేను వచ్చేటోణ్నా అని మస్తుసార్లు అనుకున్న. వచ్చేటోణ్ని కాదు.”

తబస్సుం సీసాలోని నీళ్లు ఆయన చేతుల మీద పోసింది.