నిల్లంటే నీళ్లు

ఈ కథ నేను ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు, అక్షరాలు రాకపోవడం. అరవై దాటాక మనవరాలి పలక మీద నేర్చుకున్నాను. అంతదాకా దీన్ని మా ఆయనే చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ నా చేతిలో కడవ ఇంకొంచెం లావయ్యేది. ఇక అసలు సంగతి వినండి. ఒక్క కడవతో నా మొగుడి ఉద్యోగాన్ని ముంచబోయాను.

ఆంధ్ర వేరుపడిన కొత్తలు. మదనపల్లె దగ్గరి నా పుట్టిల్లు అటు పోయింది, గుడియాత్తంలోని అత్తిల్లు ఇటు ఉండిపోయింది. పెళ్లై పదిహేను రోజులు. నాకు అరవం ముక్క రాదు. ఇంట్లో అందరిదీ తెలుగే కాబట్టి ఆ లోటు ఎవరికీ తెలియలేదు, నాతో సహా.

మా ఆయన సడుగుడులో, అంటే మన చెడుగుడులో, పేరున్న ఆటగాడు. మోకాలు చెడి ఆట మానేశాక, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ యజమాని ఒక మాటన్నాడు:

"విరించిపురమోళ్లను ఓడిస్తే మా ఫ్యాక్టరీ పిల్లోళ్లకు నువ్వే ఆట మాస్టరు. లేదంటే కూర్చోని పుల్లలు పేర్చుకో నాయనా."

పందెం రోజు మా ఆయన నన్నూ తీసుకుపోయాడు. "కడవ పెట్టుకోని గట్టున కూర్చోమ్మే. నీళ్లంటే తెచ్చియ్యి" అన్నాడు.

ఆట చివరికి రెండు వైపులా ఒక్కొక్కడే మిగిలాడు. మావైపు మునుసామి అనే కుర్రాడు. విరించిపురం మనిషి "సడుగుడు సడుగుడు" అంటూ కూతకు వచ్చాడు. కూత తెగిందా, వాడు అవుటు. మునుసామిని తాకి వెనక్కి పోయాడా, మా ఆయనకు పుల్లలే గతి.

మునుసామి వెనక్కి వెనక్కి జరిగాడు. మా ఆయన అరిచాడు: "నిల్లు! నిల్లు!"

అరవంలో 'నిలబడు, ఆగు' అని. నాకేం తెలుసు? పాపం, ఆయనకు దప్పిక అనుకుని కడవెత్తాను.

ఆయన నన్ను చూసి, చేతులు రెండూ ఊపుతూ ఇంకా గట్టిగా, "నిల్లు! నిల్లు!"

ఇంత దప్పికా! పరుగందుకున్నాను. బరి అవతలున్న ఆయన కోసం గీత దాటి, కూతగాడిని ఢీకొన్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగనివాడికి నెత్తిన పోశాను. కూతగాడు నిలువునా తడిశాడు. అంపైరు ఈల ఊదాడు.

"అబ్బో, ఎనిమిదో ఆటగాడు చీర కట్టుకోని వచ్చినాడే!" అని విరించిపురం వాళ్లు.

"ఏమ్మే, నీకేం పుట్టె?" అని మా ఆయన.

"నువ్వే కదా నీళ్లు నీళ్లని అరిస్తివి!"

అందరికన్నా ముందు అంపైరే నవ్వాడు. ఆ కూత మళ్లీ వేయమన్నాడు. నన్ను గట్టున కూర్చోబెట్టి, ఇద్దరు ముసలమ్మలను కాపలా పెట్టారు.

"సడుగుడు సడుగుడు..." కూతగాడు గీత దాటాడు. మా ఆయన మళ్లీ "నిల్లు!" అన్నాడు. ముసలమ్మలిద్దరూ దొంగను పట్టినట్టు నా రెక్కలు పట్టుకున్నారు. అది కూతగాడి కంట పడింది. ఫక్కున నవ్వాడు. కూత తెగింది. అవుటు!

యజమాని మా ఆయన భుజం తట్టాడు. "మాస్టరూ, ఈ ఎత్తు యాడ నేర్చుకుంటివప్పా?"

"మా ఇంట్లోనే" అన్నాడు మా ఆయన, నావైపు చూడకుండా.

ఇంటికి వచ్చి దేవుడి పటం ముందు ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఏ మాట చెవిన పడినా, 'నీది ఏ రాష్ట్రం?' అని తేల్చుకోనిదే అడుగు కదపను.

మరునాడు పొద్దున కొత్త మాస్టరు కుంటుతూనే పిల్లలతో పాటు పరుగెత్తి, చెమటలు కారుతూ, ఆట ధ్యాసలో గట్టువైపు తిరిగి "తణ్ణి! తణ్ణి!" అని కేకేశాడు. అరవంలో నీళ్లంటే అదేనట. కానీ ఒట్టు ఒట్టే. ఎవరిని తన్నమంటున్నాడో తేలేదాకా, నిండు కడవను కౌగిలించుకుని కదలకుండా కూర్చున్నాను.