అనిల్ సగంలో వదిలిన ఆట

ములకలపల్లిలో నాగలతను ఎరగనోళ్ళు లేరు. పురుగుమందుల దుకాణం అనిల్‌కుమార్ భార్య అంటే చాలు. ఇప్పుడా దుకాణం ఆమెదే. మిరప తోటకు ముడత వచ్చిందని ఎవరన్నా ఆకు తెంపుకొస్తే, కళ్ళద్దాలు పైకి జరిపి చూసి, మందు కొట్టాల్నో వద్దో మొహం మీదనే చెప్తది. "దొరికిన మందల్లా కలిపి కొట్టకయ్యా, ఉన్న తోట మాడిపోతది" అని తిడ్తది కూడా. అసొంటి మనిషి నెలల తరబడి పొద్దుగూకితే చాలు గోడౌన్ దిక్కు చెవులు రిక్కించి కూసుండేదంటే ఎవరు నమ్ముతరు? నమ్మకపోతే మానె. జరిగింది మాత్రం ఇదే.

అనిల్‌కుమార్ ఒకసారి మందుల కంపెనీ వాళ్ళు పిలిస్తే డీలర్ల మీటింగుకు హైదరాబాద్ పోయిండు. తోటి డీలర్లు పెళ్ళాలకు చీరలు తెస్తే, ఈయన డార్ట్స్ బోర్డు తెచ్చిండు, సూదిమొన చిన్న బాణాలు విసిరి కొట్టే గుండ్రటి బల్ల. అక్కడి హోటల్లో ఆడితే మనసు పడ్డదట. గోడౌన్లో యూరియా బస్తాల పైన గోడకు కొట్టిండు. పక్కన లెక్క రాసుకునే పలక వేలాడదీసిండు. ఆటకు తోడు పక్క తండా మోతీలాల్. ఫారెస్టులో బీట్ ఆఫీసర్. డ్యూటీ దిగి ఇంటికన్నా ముందు ఈ గోడౌన్‌కే వచ్చేటోడు. సందెవేళ దీపం పెట్టే టైముకు మొదలయ్యేది వాళ్ళ టక్ టక్. "పిల్ల చేష్టలు" అని నాగలత చాయ్ ఇచ్చి వచ్చేది. ఒక్కనాడు నిలబడి చూడలేదు.

ఆ రోజు ఆట నడుమ ఫోనొచ్చింది. రైతెవరో చేను కాడికి రమ్మన్నడు. "నా లెక్క చెరపకు మోతీ, వచ్చి కొడ్త" అని అనిల్ బండెక్కిండు. దమ్మపేట రోడ్డు మలుపు కాడ జామాయిల్ కర్రల ట్రాక్టర్ లైట్లు లేకుండా ఆగి ఉన్నది. అంతే. మనిషి మళ్ళా రాలేదు.

పదకొండో రోజు భద్రాచలంలో గోదారి ఒడ్డున పిండం పెట్టిన్రు. కాకి ముట్టలేదు. చుట్టూ కాకులు అరుస్తనే ఉన్నయి, ఒక్కటీ దిగదు. పోయినోళ్ళకు ఏదన్నా కోరిక మిగిలితే గట్లనే చేస్తరు గదా. "బిడ్డ చదువు ఆపం నాయనా" అన్నరు. దిగలేదు. "అమ్మను చూసుకుంటం" అన్నరు. దిగలేదు. ఎండలో అందరి కాళ్ళు కాలుతున్నయి. అనిల్ తల్లి బుల్లెమ్మ ఇసకలో కూలబడి, "ఏం కావాలిరా నీకు?" అని నెత్తి కొట్టుకున్నది. అప్పుడు మోతీలాల్, ఎందుకు నోట్లోంచి వచ్చిందో ఆయనకే తెల్వదు, "అన్నా, ఆ ఆట ముగిస్తంలే" అన్నడు. ఒక కాకి దిగి ముద్ద ఎత్తుకపోయింది.

నవ్వుకునేటోళ్ళు నవ్వుకోండి. బుల్లెమ్మ మాత్రం కోడలి చెయ్యి పట్టి నీళ్ళలో పెట్టించి మాట తీసుకున్నది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని ఎన్నేళ్ళయినా ఆ ముసలామె మాట ఆ వైపుదే. "సంవత్సరీకం లోపల నువ్వే ముగించాలి. పరాయివాళ్ళు కాదు, మన ఇంటి చెయ్యి. లేకపోతే నా కొడుకు దారీ తెన్నూ లేకుండా తిరుగుతాడు." నాగలత అవ్ అన్నది. ఆ గడియలో ఏం అడిగినా అవ్ అనేదే.

ఇంటికొచ్చిన మర్నాడే మొదలైంది. దీపం పెట్టంగనే గోడౌన్లోంచి టక్. మళ్ళా టక్. కొంచెం ఆగి, టక్. నాగలత పోయి లైటేసింది. ఎవరూ లేరు. డార్ట్స్ మూడూ రేకు డబ్బాలోనే ఉన్నయి. ఆనాటి నుంచి పొద్దుగూకితే టీవీ గట్టిగా పెట్టి కూసునేది. అత్తకు చెప్పలేదు. ఎట్ల చెప్తది? కొడుకు దారి లేక తిరుగుతున్నడని ఆమె ఇప్పటికే ఏడుస్తున్నది.

మోతీలాల్ మధ్యాహ్నాలు వచ్చి నేర్పబట్టిండు. మొదటి రోజు నాగలత నడిబొడ్డుకు గురిపెట్టింది. తగిలింది యూరియా బస్తాకు.

"గదేంది వదినా, నడుమ కొడితే గొప్ప అనుకున్నవా?" అని నవ్విండు మోతీలాల్. "నడిమి చుక్కకు యాభయ్యే. ఇరవై గడిలో లోపలి సన్న పట్టీ ఉన్నది చూడు, అక్కడ తగిలితే మూడింతలు, అరవై. బయటి సన్న పట్టీకి రెండింతలు. దాన్నే డబుల్ అంటం."

"అయితే ఎక్కువ వచ్చినోడు గెలుస్తడా?"

"ఉల్టా. ఐదు వందల ఒకటి నుంచి తీసేసుకుంట రావాలె. వంతుకు మూడు డార్ట్స్. సున్నాకు సరిగ్గా రావాలె, అదీ ఆఖరుది డబుల్‌తోనే. ఎక్కువ కొట్టినవో, ఒకటి మిగిల్చినవో, ఆ వంతు మొత్తం పోయినట్టే. వంతు ముందు ఎంతున్నదో మళ్ళా అంతే రాసుకోవాలె. దాన్ని బస్ట్ అంటరు."

"ఇదేం పాడు ఆటయ్యా! చేతికందినంక మళ్ళా మొదటికా!"

పాడు ఆటే. కానీ నెలలు గడిచేకొద్దీ చేతికి పట్టుబడ్డది. ముప్పై రెండు మిగుల్చుకుంటే మంచిదని తెలిసింది. పదహారు డబుల్ కొట్టబోతే పట్టీ తప్పి ఉత్త పదహారు తగిలినా, మిగిలేది ఎనిమిది డబుల్. అదీ తప్పితే నాలుగు, తర్వాత రెండు. తప్పిన ప్రతిసారీ సగం దగ్గర ఇంకో తొవ్వ ఉంటది. "అన్న ఎప్పుడూ గా తొవ్వలనే వచ్చేటోడు" అన్నడు మోతీలాల్. "ముందు రెండూ జల్దీ కొట్టేటోడు. మూడోదానికి మాత్రం డార్టు కొస చూసుకుంట నిలబడేటోడు."

నాగలతకు ఏదో తగిలినట్టైంది. ఆ సందెవేళ టీవీ పెట్టలేదు. టక్, టక్. ఆగి, ఆగి, టక్.

ఆయనే. దయ్యం కాదు, భూతం కాదు, ఆమె మనిషి. గోడౌన్ తలుపుకు చెంప ఆనించి పొగిలి పొగిలి ఏడ్చింది. పన్నెండేళ్ళు కాపురం చేసి ఒక్కనాడు నిలబడి చూడలేదే అని ఏడ్చింది. ఆ రోజు నుంచి భయం పోయింది. దీపం పెట్టి మెట్టు మీద కూసుండి, దుకాణం ముచ్చట్లు అన్నీ గోడౌన్‌కు చెప్పేది. ఎవరు మందు తీసుకపోయిన్రు, బిడ్డకు ఎన్ని మార్కులొచ్చినయి. చప్పుడు ఆగి మళ్ళా వచ్చేది. ఊ కొట్టినట్టు ఉండేది.

సంవత్సరీకం దగ్గర పడ్డది. బుల్లెమ్మ కుర్చీ వేసుకొని గోడౌన్లో కూసున్నది. పలక మీద అనిల్ లెక్క అరవై రెండు, ఆయన చేతి రాతే. మోతీలాల్ తన వంతు వదులుకున్నడు. "నా ఆట నేను ఓడిన. రోజుకొక్క వంతే, అన్నది ముగించు వదినా."

నాగలత ఇరవై కొట్టింది. పది కొట్టింది. ముప్పై రెండు. మూడోది పట్టీ తప్పి ఉత్త పదహారు. తెల్లారి మధ్యాహ్నం ఎనిమిది, నాలుగు, రెండు. అన్నీ వెంట్రుకవాసిలో తప్పినయి. రెండు మిగిలింది.

"ఇగ ఒకటి డబుల్ ఒక్కటే. వేరే తొవ్వ లేదు" అన్నడు మోతీలాల్.

అప్పుడు తట్టింది ఆమెకు. ఇది అయిపోతే సందెవేళ ఏముంటది? ఖాళీ గోడౌన్, యూరియా వాసన. పోతడు. మాట ఇచ్చింది గానీ, ఆ మాట ఇచ్చిననాడు ఆయన వస్తడని ఆమెకు తెల్వదు గదా!

మర్నాడు ఒకటి దిక్కు చూసినట్టే చూసి ఇరవై కొట్టింది. బస్ట్. "అయ్యో" అన్నది, నటన బాగనే వచ్చింది. పలక మీద మళ్ళా రెండు. ఆ తెల్లారీ అంతే. మోతీలాల్ ఓరకంట చూసి గోడ దిక్కు తిరిగిండు. బుల్లెమ్మ కుర్చీలో కూసుండి, "రేపు కొడుదువులే" అని లేచిపోయేది. పెద్దామెను మోసం చేస్తున్న అని నాగలతకు సిగ్గేసేది. సిగ్గు సిగ్గే. చప్పుడు చప్పుడే. సాయంత్రం మెట్టు మీద కూసుంటే సిగ్గు యాదికొచ్చేది కాదు.

సంవత్సరీకం రేపనంగ, భోజనాలైనంక మళ్ళా నిలబడ్డది. ఇరవై గడికే గురిపెట్టింది. ఒకటి ఇరవై పక్కనే ఉంటది. చెయ్యి జారిందో, ఆయనే పట్టి తిప్పిండో, డార్టు కొంచెం పైకి, కొంచెం కుడికి పోయి సన్న పట్టీలో దిగబడ్డది.

ఒకటి డబుల్.

మోతీలాల్ సంతోషంగా అరవబోయి, నాగలత మొహం చూసి ఆగిపోయిండు. ఆమె పోయి డార్టు పీకబోయింది. రాలేదు. రెండు చేతులతో లాగితే వచ్చింది. బుల్లెమ్మ లేచి తడిగుడ్డతో పలక తుడిచింది. "శుభంగా వెళ్ళు నాయనా" అన్నది.

పొద్దుగూకింది. నాగలత దీపం పెట్టి మెట్టు మీద కూసున్నది. బజార్ల ట్రాక్టర్లు పోతున్నయి. గోడౌన్లోంచి ఏమీ లేదు. ఇంకాసేపు చూసింది. ఏమీ లేదు.

బుల్లెమ్మ మోకాళ్ళు పట్టుకుంట వచ్చి పక్కన కూసున్నది.

"రాలేదు కదే?" అన్నది.

"ఏంది అత్తమ్మా?"

"చప్పుడు."

నాగలత అత్త దిక్కు తిరిగి, "నీకూ ఇనపడేదా?" అన్నది.

"మొదటి రోజు నుంచీ. ముందు రెండూ గబగబా, మూడోది నిదానంగా. చిన్నప్పుడు అన్నం ముద్దలు కూడా అట్టాగే తినేవాడు."

"మరి ఒక్కనాడన్నా చెప్పలేదేంది?"

"చెప్తే ఇద్దరం కలిసి వాణ్ణి ఇక్కడే కట్టేసుకునేవాళ్ళమే. కన్నదాన్ని, అట్టా చెయ్యొచ్చా? నువ్వు ఇరవైకేసి కొడుతుంటే నాకు తెలీదనుకున్నావా? తెలిసే ఊరుకున్నాను. ఇంకొక్క రోజు ఉంటాడులే అని."

నాగలత ఆమె చెయ్యి పట్టుకున్నది. పలక తుడిచేటప్పుడు గట్టిగా నిలబడ్డ మనిషి, ఇప్పుడు కోడలి భుజం మీద తల పెట్టి చిన్నపిల్ల లెక్క ఏడ్చింది.

"వెళ్ళమన్నాను గానీ, నిజంగా వెళ్ళిపోతాడనుకోలేదే అమ్మాయ్."